జీపు కింద కమాన్, కమాన్ పక్కన షాక్



బక్రీద్ వెళ్ళిన నాలుగో రోజు మా భాంజా తన థార్ తోలుకుని కోటబొమ్మాళి వచ్చాడు. 2014 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి. ముందు టోర్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు. చాయ్ కప్పు చేతికివ్వక ముందే ఫోన్ తీసి నాలుగు ఫోటోలు చూపించాడు. ఒకటి ఎర్రది, ఒకటి పసుపు, ఒకటి నీలం, ఒకటి వెండిలా మెరుస్తోంది. నాలుగూ షాక్ అబ్జార్బర్లే.

"మామూ, వీటిలో ఏవి వేయిద్దాం? డిసెంబర్లో అమ్మీనీ దాదీనీ తీసుకుని అజ్మీర్ షరీఫ్ పోదామనుకుంటున్నా. విజయనగరం నుంచి సాలూరు ఘాట్ ఎక్కి, కోరాపుట్, జగదల్‌పూర్, రాయపూర్ మీంచి."

దాదీ అంటే మా ఆపా అత్తగారు. డెబ్బై ఆరేళ్ళు. కుర్చీలోంచి లేవాలంటే నడుం మీద ఒక చెయ్యి, గోడ మీద ఒక చెయ్యి. ఆమెని వెయ్యి మైళ్ళ పైన సఫర్ చేయించే బండి అది. ఇప్పుడున్న షాకులకేమైందిరా అనడిగాను. వేగం అందుకుంటే పడవలా ఊగుతోందట. నరసన్నపేట దాటాక ఒక ఆవు అడ్డొస్తే బ్రేకు వేశాడట, బండి ముక్కు నేలకి దించేసి, వెనక భాగం పక్కకి జరిగిందట. ఆవుకీ ఏం కాలేదు, వీడికీ ఏం కాలేదు, అల్‌హమ్దులిల్లాహ్. ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు గానీ నాకు నవ్వు రాలేదు.

నేను మెకానిక్‌ని కాదు. తారీఖ్ పుస్తకాలు చదువుకునేవాణ్ణి. కానీ మా అబ్బా 1980లలో పాత జీపు ఒకటి కిరాయికి తిప్పేవారు. ఆ జీపు కింద పడుకుని రెంచీ అందించిన శాగిర్ద్‌ని నేనే. అందుకే వాడికి రంగు చెప్పకుండా కథ చెప్పాను. ఆ కథే ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్ళల్లో ఇప్పుడు చాలామందికి ఇలాంటి బళ్ళున్నాయి, అడగడానికి ఉస్తాద్‌లు తగ్గిపోతున్నారు.

మొదట ఆ కమాన్ అనే మాట పట్టుకుందాం. ఫార్సీలో కమాన్ అంటే విల్లు. ఉర్దూలోనూ అంతే. హైదరాబాద్ చార్ కమాన్‌లో ఉన్నదీ ఆ వంపే. తెలుగు మెకానిక్ ఎవరైనా, అతను ఏ మజహబ్ వాడైనా, బండి కింద ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలని చూసి కమాన్ కట్ట అనే అంటాడు. ఎవరు పెట్టారో గానీ పేరు భలే కుదిరింది. విల్లు చేసే పనే ఆ కట్టా చేస్తుంది. లాగిన బలాన్ని దాచుకుంటుంది, వదలగానే తిరిగిచ్చేస్తుంది. చక్రం గోతిలో పడితే కట్ట వంగి ఆ దెబ్బ తీసుకుంటుంది. బాగానే ఉంది. కానీ తీసుకున్నది తన దగ్గరే ఉంచుకోదు, మళ్ళీ పైకి తన్నుతుంది. బండి లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది. పట్టుకునేవాడు లేకపోతే ఒక్క గోతికి నాలుగు ఊపులు.

గుర్రబ్బండి జమానాలో ఈ పట్టుకునే పని కమాన్ కట్టే సగం చేసేది. పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి కదా, ఆ రాపిడిలో కొంత ఊపు చచ్చిపోతుంది. జట్కా వేగానికి అది చాలు. మోటారు వచ్చి వేగం పెరిగాకనే ముసీబత్ మొదలైంది. చక్రం రోడ్డుని వదిలి గాల్లోకి లేవడం మొదలైంది. గాల్లో ఉన్న చక్రానికి బ్రేకూ పట్టదు, స్టీరింగూ పట్టదు. షాక్ అబ్జార్బర్ అనేది మెత్తటి సవారీ కోసం పుట్టిందని చాలామంది అనుకుంటారు. దాని అసలు జిమ్మేదారీ చక్రాన్ని నేల మీద ఉంచడం. మెత్తదనం ఆ తర్వాత సంగతి.

ఫ్రాన్స్‌లో ట్రూఫో అనే అతను 1900కి కాస్త అటూ ఇటూగా దీనికి ఒక ఉపాయం చేశాడు. రెండు చేతుల్లాంటి పట్టీలు, వాటి కీలు దగ్గర గట్టిగా బిగించిన బిళ్ళలు. కమాన్ ఊగితే బిళ్ళలు రాసుకుని ఊపుని తింటాయి. హార్ట్‌ఫర్డ్ అనే అమెరికన్ ఆ హక్కులు తీసుకుని అక్కడ అమ్మాడు. పని చేసేది గానీ ఒక ఐబ్ ఉంది. రాపిడికి చిన్న దెబ్బా పెద్ద దెబ్బా తేడా తెలీదు. గులకరాయి మీద కూడా బిగుసుకుని కూర్చుంటుంది, పెద్ద గోతిలో చాలకుండా పోతుంది. బిళ్ళలు అరిగితే మళ్ళీ నట్టు బిగించుకోవాలి.

అదే దేశానికి చెందిన మారిస్ హూడాయ్ నూనె వైపు చూశాడు. మూసిన గదిలో నూనె పోసి, సన్నటి దారిలోంచి దాన్ని తోయిస్తే? నూనెకి ఒక అదబ్ ఉంది. మెల్లగా తోస్తే దారిస్తుంది, దూకుడుగా తోస్తే అడ్డం నిలబడుతుంది. వేగం పెరిగేకొద్దీ దాని పట్టు పెరుగుతుంది. ఈ రోజు మీ బండి కింద ఏ కంపెనీ షాక్ ఉన్నా, ఎంత ఖరీదుదైనా, లోపల జరిగేది ఇంతే. కదలిక నూనెలో వేడిగా మారి, ఆ వేడి గాల్లో కలిసిపోతుంది. ఫోర్డ్ మోడల్ టీ కారు 1908 నుంచి 1927 దాకా షాకులు లేకుండానే తయారైంది. దాని తర్వాత వచ్చిన మోడల్ ఏకి నాలుగు చక్రాలకీ హూడాయ్ రకం నూనె షాకులు పెట్టారు. అప్పటికి మామూలు జనం కొనే కారుకి కూడా ఇది తప్పనిసరి సామాన్ అయిపోయింది.

ఇక్కడ ఒక చిన్న మాట, భాంజాకి బాగా నచ్చింది. మన బజార్లలో షాకుల మీద కనిపించే గాబ్రియల్ అనే పేరు ఉంది కదా, అది ఫరిష్తా జిబ్రయీల్ పేరే. అమెరికాలో క్లీవ్‌లాండ్ ఊరి క్లాడ్ ఫాస్టర్ అనే ఆయన మొదట కార్లకి హారన్లు చేశాడు. ఇంజను పొగ వదిలే గాలితో మోగే హారన్. కొమ్ముబూర ఊదే ఫరిష్తా గాబ్రియల్ అని క్రైస్తవుల్లో ఒక నమ్మకం ఉంది గనక ఆ పేరు పెట్టాడు. మనకైతే సూర్ ఊదేది ఇస్రాఫీల్ అలైహిస్సలామ్. జిబ్రయీల్ అలైహిస్సలామ్ వహీ తెచ్చిన ఫరిష్తా. ఆ లెక్కన హారన్ కంపెనీకి పేరు తప్పు పడింది. ఆ తర్వాత ఆయన పట్టా చుట్టి కమాన్ ఊపుని ఆపే స్నబ్బర్ అనే పరికరం చేశాడు, దాంతో దశ తిరిగింది. హారన్లు పోయాయి, పేరు షాకులకి మిగిలింది. 1961లో మన దేశంలో గాబ్రియల్ ఇండియా మొదలైంది, అమెరికా మేర్‌మాంట్ కంపెనీ సహకారంతో. ఆ ముందు దాకా బయటి దేశపు సామాన్ దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు.

గొట్టంలో గొట్టం దూరే టెలిస్కోప్ రకం షాక్ 1930లలో వాడుకలోకి వచ్చింది. దాన్ని కొండలూ బురదా ఎడారీ అన్నీ తిప్పి ఇమ్తెహాన్ చేసింది మాత్రం జంగ్. 1940 సెప్టెంబర్‌లో బాంటమ్ అనే చిన్న కంపెనీ అమెరికా ఫౌజ్‌కి ఒక నమూనా బండి చేసిచ్చింది. దాని మీంచి విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు యుద్ధం ముగిసేలోపు ఆరు లక్షల పైచిలుకు జీపులు చేశాయి. నాలుగు కమాన్ కట్టలు, నాలుగు టెలిస్కోప్ షాకులు. ఆ బండికి ఫౌజ్ రాసుకున్న పేరులోనే పావు టన్ను అని ఉంది. అంటే మోయాల్సిన బరువు 500 పౌండ్లు, మన లెక్కలో సుమారు 227 కిలోలు. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

జీపు మన దేశానికి ఎలా వచ్చింది అన్న కథలో మనవాళ్ళకి తెలియాల్సిన పేరు ఒకటుంది. 1945 అక్టోబర్ 2న లూధియానాలో ఒక ఉక్కు వ్యాపార కంపెనీ మొదలైంది. పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. జగదీశ్ చంద్ర మహీంద్రా, కైలాశ్ చంద్ర మహీంద్రా అన్నదమ్ములు. మొహమ్మద్ అంటే మలిక్ గులామ్ మొహమ్మద్, లాహోర్ మనిషి, అలీగఢ్‌లో చదివినవాడు, లెక్కల్లో గట్టివాడు. నిజాం సర్కారులో కొంతకాలం ఖజానా వ్యవహారాలు చూశాడు గనక హైదరాబాద్‌కి కొత్తవాడు కాదు. కైలాశ్ చంద్ర యుద్ధకాలంలో ఇండియా తరఫున సప్లై మిషన్‌కి పెద్దగా అమెరికాలో ఉన్నారు. జీపుని అక్కడ చూశారు.

రెండేళ్ళు తిరక్కుండానే తక్సీమ్ వచ్చింది. గులామ్ మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళిపోయి ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, 1951 నుంచి 1955 దాకా గవర్నర్ జనరల్‌గా ఉన్నాడు. అక్కడ 1954లో రాజ్యాంగ సభని రద్దు చేసిన గవర్నర్ జనరల్ ఈయనే. ఆ పని గురించి మంచిగా రాసేవాళ్ళు తక్కువ, నేనూ రాయను. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఎం అండ్ ఎం అని అప్పటికే అచ్చేసిన కాగితాలు పారేయకుండా పనికొచ్చాయని చెప్పుకుంటారు. 1949లో బొంబాయి మజ్‌గావ్‌లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెచ్చి బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశంలోదే మా భాంజా బండి. దాని పేరు థార్. ఆ పేరున్న ఎడారి కూడా సరిహద్దుకి అటూ ఇటూ రెండు దేశాల్లోనూ ఉంది.

ఇదే సమయంలో ఇంకో జీపుల కిస్సా నడిచింది. 1948లో కాశ్మీర్ యుద్ధం కోసం లండన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్న వి.కె.కృష్ణమీనన్ ద్వారా, వాడి బాగుచేసిన జీపులకి 80 లక్షల రూపాయల కాంట్రాక్టు జరిగింది. వచ్చినవి 155. అవీ ఫౌజ్‌కి పనికిరాలేదు. విచారణ చేసిన కమిటీకి పెద్ద అనంతశయనం అయ్యంగార్, మన తిరుపతి వైపు ఆయన. 1955లో సర్కారు ఆ ఫైలు మూసేసింది. ఆజాదీ వచ్చాక దేశం మాట్లాడుకున్న మొదటి కుంభకోణం ఇదే, అదీ రీకండిషన్ సామాన్ మీద. పైకి రంగు కొత్తది, లోపల ఎముకలు పాతవి.

మా ఇంట్లోనూ జరిగింది అలాంటిదే, చిన్న కొలతలో. అబ్బా జీపుకి ఒకసారి వెనక షాకులు పోయాయి. పెద్ద ఊళ్ళో ఒక దుకాణంలో, పేరెందుకు, కొత్తవని చెప్పి రెండు ఇచ్చారు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. మూడు నెలలు తిరక్కుండా నూనె కారింది. మా ఉస్తాద్ ఒకదాన్ని గీకి చూపిస్తే రంగు కింద గొట్టం కోసి, కొత్త నూనె పోసి, మళ్ళీ వెల్డింగ్ పెట్టిన గీత కనిపించింది. అబ్బా ఏమీ అనలేదు. ఆ రోజు జీపులో కాన్పు కోసం తీసుకెళ్తున్న ఒకామె ఉంది. వంతెన దిగుతుంటే బండి ఎలా జారిందో తర్వాత చాలా ఏళ్ళు చెప్పేవారు. ఆమె ఖైరియత్‌గా చేరింది. కానీ ఆ తర్వాత అబ్బా బిల్లు లేకుండా ఒక్క నట్టు కూడా కొనలేదు.

ఇప్పుడు ఆ పావు టన్ను దగ్గరికి వస్తాను. మన ఏజెన్సీ రోడ్ల మీద సర్వీసు జీపులు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పాడేరు వైపు కమాండర్ జీపులైనా, సీతంపేట వైపు పాత జీపులైనా, లోపల పన్నెండు మంది, వెనక వేలాడుతూ నలుగురు, టాప్ మీద చింతపండు బస్తాలు. కమాన్ దిగబడితే డ్రైవర్లు చేసే ఇలాజ్ ఒకటే, కట్టలో ఇంకో పట్టీ వేయించడం. బండి పైకి లేచేది. కానీ షాకులు పాతవే. బలమైన విల్లు, బలహీనమైన చెయ్యి. ఖాళీగా వస్తున్నప్పుడు ఆ జీపు గాడిదలా తన్నేది. మా అబ్బా జీపూ అంతే. నిండుగా ఉన్నప్పుడు పూలపల్లకి, ఖాళీ అయితే ఎముకలు లెక్కపెట్టుకోవాలి.

భాంజాకి మొదట చెప్పింది ఈ మాటే. షాక్ వజన్ మొయ్యదు. మోసేది కమాన్, లేదా కాయిల్, లేదా టోర్షన్ బార్. వెనక భాగం దిగబడి ఉంటే ఎంత ఖరీదైన షాక్ వేసినా లేవదు. గ్యాస్ షాక్ వేస్తే లేస్తుందని దుకాణంలో చెబుతారు, లోపలి ఒత్తిడికి వచ్చే తేడా లెక్కలోకి రానంత చిన్నది. కాబట్టి షాకులు కొనేముందు బండిని చదునైన చోట నిలబెట్టి నాలుగు మూలలా ఎత్తు కొలవాలి. కమాన్ పట్టీ ఏదైనా విరిగిందా, షాకిల్ బుష్‌లు నలిగాయా, టైర్లలో గాలి ఎంత. వాడి టైర్లలో గాలి చూస్తే కంపెనీ చెప్పినదానికన్నా బాగా ఎక్కువ ఉంది, మైలేజీ కోసమట. ఆ గాలి తగ్గిస్తేనే దాదీకి సగం ఝట్కాలు తగ్గుతాయి.

రెండో మాట, పాతవి నిజంగా పోయాయా? గొట్టం మీద సన్నగా చెమ్మ, దానికి దుమ్ము అంటుకుని ఉంటే భయం లేదు. నూనె ధారగా కారి గొట్టం సగం తడిస్తే పోయినట్టే. టైరు మీద చేత్తో తడిమితే అక్కడక్కడ గిన్నెల్లా గుంటలు తగిలితే చక్రం రోడ్డు మీద గంతులేస్తోందని అర్థం. బండి మూల నొక్కి వదిలి చూడమని మన పెద్దలు చెప్పే పరీక్ష ఉంది, పూర్తిగా చచ్చిన షాక్‌ని అది పట్టిస్తుంది, సగం చచ్చినదాన్ని పట్టించదు. విప్పాక నిలువుగా పట్టుకుని చేత్తో తోసి లాగి చూస్తే మధ్యలో ఎక్కడైనా చెయ్యి ఖాళీగా జారితే లోపల నూనె తగ్గిందన్నమాట. భాంజా బండి వెనక రెండూ అలాగే ఉన్నాయి. ముందువి ఒకటి పోయింది, ఒకటి బాగుంది. బాగున్నది ఉంచేద్దామన్నాడు. వద్దన్నాను. ఒకే ఇరుసు మీద ఒక చెయ్యి బలంగా, ఒకటి నీరసంగా ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. జతగానే మార్చాలి.

ఇక ఏ రకం? ఇక్కడ తారీఖ్ మళ్ళీ అక్కరకొస్తుంది. మామూలు రకంలో గొట్టంలో ఇంకో గొట్టం ఉంటుంది, నూనె లోపలి నుంచి బయటి గొట్టానికి పోయి వస్తుంది. రోడ్డు ఒకే రీతిగా గతుకులుగా ఉండి గంటల తరబడి పరుగెత్తితే ఆ నూనె వేడెక్కుతుంది, గాలితో కలిసి నురగ అవుతుంది. నురగకి అడ్డుపడే తాకత్ లేదు. షాక్ ఉన్నా లేనట్టే. దీనికి క్రిస్టియన్ బూర్సియే ద కార్బోన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఒకే గొట్టం చేసి, అడుగున జారే పిస్టన్ వెనక గట్టి ఒత్తిడితో నైట్రోజన్ నింపాడు. నూనెకి నురగ కట్టే చోటే లేకుండా చేశాడు. జర్మనీలో బిల్‌స్టీన్ కంపెనీ, అంతకు ముందు కిటికీల బిగింపులు చేసుకునేవాళ్ళు, ఆ పద్ధతి తీసుకుని 1957 నుంచి మెర్సిడెస్ బెంజ్ కార్లకి తయారు చేసింది. ఆస్ట్రేలియాలో వందల కిలోమీటర్ల మట్టిరోడ్ల మీద నిండు సామాన్‌తో తిరిగేవాళ్ళు ఇలాంటి షాకులు కావాలనడానికి కారణం అదే.

మరి అదే కొనేద్దామా? అందులో ఒక నజాకత్ ఉంది. ఒకే గొట్టం గనక, బయటి నుంచి రాయి తగిలి చిన్న సొట్ట పడినా లోపల పిస్టన్ పట్టేస్తుంది. రెండు గొట్టాల రకంలో బయటి గొట్టానికి సొట్ట పడినా పని జరుగుతుంది. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల బాటలు చూసినవాళ్ళకి ఆ రాళ్ళెలా ఎగురుతాయో తెలుసు. పైగా గట్టి వాల్వు పెట్టిన షాక్ నిండు బరువు కోసం చేసింది. ఏడాదిలో పదకొండు నెలలు వీడొక్కడే కూర్చుని ఆఫీసుకి పోయే బండికి అది వేస్తే, ఆ పదకొండు నెలలూ అబ్బా ఖాళీ జీపే.

మధ్యరకం ఉంది. రెండు గొట్టాలే, కానీ నూనె పైన కాస్త తక్కువ ఒత్తిడితో నైట్రోజన్. నురగ చాలామటుకు ఆగుతుంది, సవారీ మరీ గట్టిపడదు. వాడి దారి ఎక్కువగా తారు రోడ్డు, మధ్యలో ఘాట్లు. బరువు నలుగురు మనుషులు, పెట్టెలు. నా మష్వరా ఇదే అయింది. బోల్టులాగా తిప్పి గట్టితనం మార్చుకునే రకం కూడా ఉంది, డచ్చి కంపెనీ కోని వాటికి పేరు. తిప్పడం తెలిసినవాడికి అది నిజంగా నేమత్. మా భాంజా ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా ఐదు మీద పెట్టి మర్చిపోయే రకం.

పొడవు దగ్గర మాత్రం వాడితో కాస్త బహస్ జరిగింది. రెండంగుళాలు లేపి, పొడుగు షాకులు వేయిద్దామంటాడు. ముందు టోర్షన్ బార్ ఉన్న బండిలో చక్రం పైకీ కిందికీ తిరిగే దూరమే తక్కువ. అందులో పొడుగు షాక్ వేస్తే, గోతిలో రబ్బరు స్టాపర్ తగలక ముందే షాక్ అడుగుకి కొట్టుకుంటుంది. అప్పుడు బండి బరువంతా ఒక సన్నటి కడ్డీ మీద పడుతుంది. కొలిచే పద్ధతి తేలికే. చక్రాన్ని స్టాపర్ తగిలేదాకా పైకి తెచ్చి పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా కొలవాలి, వదిలేసి వేలాడనిచ్చి మళ్ళీ కొలవాలి. కొత్త షాక్ మూసినప్పుడు మొదటి కొలతకన్నా ఒక అంగుళమైనా పొట్టిగా ఉండాలి, తెరిచినప్పుడు రెండోదానికి సరిపోవాలి. పైన కిందా బిగింపు కన్నుతోనా కడ్డీతోనా అనేది కూడా చూసుకోవాలి. బండిని లేపడానికి ఇంకో అడ్డంకి కానూన్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగినప్పుడు బీమావాళ్ళు ముందు చూసేది అదే. అదే కొలతకి అదే రకం షాక్ మార్చుకుంటే ఆ గొడవ ఉండదు.

మన ప్రాంతానికి ఒక ఎహతియాత్ విడిగా ఉంది. నౌపడ ఉప్పుమళ్ళు ఎంత దూరం? భావనపాడు తీరం ఎంత దూరం? ఈ గాలిలో ఉప్పు ఉంది. షాక్ కడ్డీ మీద క్రోమ్ పూత కాస్త చెదిరితే అక్కడ తుప్పు చుక్క పుడుతుంది, ఆ చుక్క ప్రతి ఊపుకీ సీలుని గీస్తుంది, నూనె కారుతుంది. 2018లో తిత్లీ తుఫాను వెళ్ళాక ఉద్దానం వైపు నీళ్ళలో పడిన కొబ్బరిచెట్ల మధ్య తిరిగిన బళ్ళలో ఎన్నింటికి ఇలా అయిందో మా ఉస్తాద్ ఇప్పటికీ చెబుతాడు. కడ్డీకి దుమ్ముతొడుగు ఉన్నది తీసుకోవాలి, సముద్రం ఒడ్డుకి పోయొస్తే మంచినీళ్ళతో కింద కడగాలి.

వారం తర్వాత నాలుగు షాకులూ వచ్చాయి. బిల్లుతో, డబ్బా మీద హోలోగ్రామ్‌తో, తయారైన నెల ముద్రతో. ఉస్తాద్‌కి ఇప్పుడు చూపు తగ్గింది, పని చేసేది ఆయన మనవడు. ఆ కుర్రాడు డబ్బా విప్పి నేరుగా బిగించబోతే ముసలాయన ఆపాడు. ఒక్కొక్కదాన్ని నిలువుగా పట్టుకుని మెల్లగా పైకి లాగి కిందికి నొక్కాడు, ఐదారుసార్లు. రెండు గొట్టాల షాక్ అడ్డంగా పడుకుని ప్రయాణం చేస్తే లోపల గాలి తప్పుచోట చేరుతుంది, అలా చేస్తేనే బయటికి పోతుంది. తర్వాత బోల్టులు చేత్తోనే వదులుగా తిప్పించి, బండిని జాకీ మీంచి దించి, చక్రాల మీద బరువు పడ్డాకే గట్టిగా బిగించమన్నాడు. గాల్లో ఉన్నప్పుడే బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగి ఉండిపోయి త్వరగా చిరుగుతుందని. "ఇది కితాబుల్లో ఉంటుందా భాయ్‌సాబ్?" అని నన్నడిగాడు. ఉంటుందన్నాను. ఆయనకి కాస్త నిరాశ కలిగినట్టుంది.

పైన క్యారియర్ తీయించేశాం. టాప్ మీద బరువు పెడితే మలుపుల్లో బండి వాలే తీరే మారిపోతుంది. పెట్టెలు కింద, వెనక బల్లల మధ్య. దాదీని వెనక కూర్చోబెట్టొద్దని ఖరారు చేశాం. ఆ బల్లలు వెనక ఇరుసు మీదే ఉంటాయి, ప్రతి గోతీ నేరుగా నడుముకే. ముందు సీటు రెండు ఇరుసుల మధ్యలో ఉంటుంది. ఆ సాయంత్రమే ఆమెని కూర్చోబెట్టి హైవే మీద ఒక చుట్టు తిప్పి, ఊళ్ళో స్పీడ్ బ్రేకర్ల మీంచి ఇంటికి తెచ్చాడు. దిగేటప్పుడు ఎప్పట్లాగే ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి తలుపు మీద.

"ఇంతకీ ఏ రంగువి వేయించారు బేటా?" అని అడిగింది. నెల రోజులుగా ఆ ఫోటోలన్నీ ఆమెకీ చూపిస్తూనే ఉన్నాడు మరి.

"నల్లవి, దాదీ."